పుట్టిన క్షణంలోనే గ్రూపు: ప్రాసెస్‌లను సమూహాలకు కేటాయించే తీరు

అందరికీ నమస్కారం.

రోజూ కనిపించే ఒక దృశ్యంతో మొదలుపెడతాను. టెర్మినల్ ముందు కూర్చుని, ఒక పెద్ద లాగ్ ఫైలును క్యాట్‌తో చదివించి, అందులోంచి కావలసిన వరుసలను గ్రెప్‌తో ఏరించి, ఏరినవాటిని సార్ట్‌కు అందించే పైపులైను ఒకటి నడిపించారనుకుందాం. పని సగంలో ఉండగా, ఇచ్చింది వేరే ఫైలని గుర్తొచ్చి కంట్రోల్-సీ నొక్కారు. మూడు ప్రాసెస్‌లూ, అంటే నడుస్తున్న ఆ మూడు ప్రోగ్రాములూ, ఒక్కసారిగా ముగిసిపోయాయి. మన ఆదేశాలు చదివి వాటిని పుట్టించిన షెల్ అనే ప్రోగ్రాము మాత్రం చెక్కుచెదరకుండా మళ్లీ ప్రాంప్ట్ చూపించింది. అలవాటైన విషయం కనుక మనం దీని గురించి ఆలోచించము. నిజానికి టెర్మినల్ డ్రైవర్‌కు క్యాట్ ఏదో, గ్రెప్ ఏదో తెలియదు. ఎవరు ఎవరికి పుట్టారన్న వంశవృక్షాన్ని అది వెతకదు. దాని దగ్గర ఉన్నది ఒకే ఒక్క సంఖ్య. ఆ సంఖ్య తన గ్రూపు సంఖ్యగా ఉన్న ప్రతి ప్రాసెస్‌కూ అది సిగ్‌ఇంట్ అనే సంకేతాన్ని పంపుతుంది, అంతే. షెల్ బతికి బయటపడింది కూడా అందుకే: దాని గ్రూపు వేరు.

ఆ సంఖ్యను ఎవరు, ఎప్పుడు, ఏ హక్కుతో కేటాయిస్తారన్నదే ఈనాటి ప్రసంగ విషయం. ఎప్పుడు అన్న మాట మీద నేను ఎక్కువ సమయం గడుపుతాను, ఎందుకంటే నేను చూసిన తప్పుల్లో చాలావరకు గ్రూపు లేకపోవడం వల్ల కాక, గ్రూపులో చేర్చడం ఒక్క క్షణం ఆలస్యం కావడం వల్ల వచ్చినవే.

తొలినాటి యూనిక్స్‌లో ఒక టెర్మినల్ దగ్గర మొదలైన ప్రాసెస్‌లన్నీ ఒకే గుంపుగా ఉండేవి. ఒక పనిని ఆపి పక్కన పెట్టి, ఇంకో పనిని ముందుకు తెచ్చుకుని, మళ్లీ మొదటిదానికి తిరిగి వెళ్లే సౌకర్యం 1980లో వచ్చిన 4బీఎస్‌డీ అనే యూనిక్స్ రూపంలోని సీ షెల్‌తో వ్యాప్తిలోకి వచ్చింది. దాని వెనుక జిమ్ కల్ప్ చేసిన కృషి ఉంది. ఆ సౌకర్యం కావాలంటే ఒక్కో పైపులైనుకు ఒక్కో గ్రూపు తప్పనిసరి, ఎందుకంటే ఆపడమైనా నడపడమైనా పైపులైను మొత్తానికి ఒకేసారి జరగాలి. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి నియమాలు రాసిన 1988 నాటి పోజిక్స్ ప్రమాణం దీనికి ఇంకో పొరను చేర్చింది: కొన్ని గ్రూపులు కలిసి ఒక సెషన్, ఒక సెషన్‌కు గరిష్ఠంగా ఒక నియంత్రణ టెర్మినల్, ఆ టెర్మినల్‌కు ఏ క్షణంలోనైనా ఒక్క ముందుగ్రూపు. మిగిలిన గ్రూపులన్నీ వెనుకగ్రూపులు. వెనుకగ్రూపులోని ప్రాసెస్ టెర్మినల్ నుంచి చదవబోతే సిగ్‌టీటీఇన్ సంకేతం వచ్చి ఆ గ్రూపంతా ఆగిపోతుంది. ఇద్దరు ఒకే కీబోర్డు కోసం పెనుగులాడకుండా ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్ చేసిన ఏర్పాటిది.

ఇక కేటాయింపు దగ్గరికి వద్దాం. పిల్ల ప్రాసెస్ పుట్టగానే తల్లి గ్రూపే దానికీ వస్తుంది. దాన్ని మార్చడానికి కెర్నెల్‌కు చేసే పిలుపు (సిస్టమ్ కాల్) పేరు సెట్‌పీజీఐడీ. దానికి రెండు సంఖ్యలు ఇస్తాం: ఏ ప్రాసెస్‌ను, ఏ గ్రూపులోకి. రెండూ సున్నా అయితే, పిలిచిన ప్రాసెస్ తన సంఖ్యనే గ్రూపు సంఖ్యగా పెట్టుకుని కొత్త గ్రూపుకు నాయకత్వం వహిస్తుంది. చూడ్డానికి ఇంత సులువైన ఈ పిలుపు చుట్టూ కెర్నెల్ గట్టి కంచెలే కట్టింది. ఒక ప్రాసెస్ తనను తాను మార్చుకోవచ్చు, లేదా తన పిల్లను మార్చవచ్చు. ఇతరుల జోలికి పోకూడదు. చేరబోయే గ్రూపు అదే సెషన్‌లో ఉండాలి. సెషన్‌ను మొదలుపెట్టిన ప్రాసెస్ దాని నాయకుడు; ఆ నాయకుడి గ్రూపును ఎవరూ కదిలించలేరు. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి కంచె: పిల్ల ఒకసారి ఎగ్జెక్ చేసి వేరే ప్రోగ్రాముగా మారిపోయాక, తల్లి దాని గ్రూపును మార్చడానికి వీల్లేదు. ప్రయత్నిస్తే ఈయాక్సెస్ అనే దోషం తిరిగి వస్తుంది.

ఈ చివరి నియమం అర్థవంతమైనది. ఎగ్జెక్‌కు ముందు పిల్లలో నడిచేది తల్లి రాసిన కోడే, కనుక తల్లి నిర్ణయానికి అక్కడ విలువ ఉంటుంది. ఎగ్జెక్ తరువాత అందులో నడిచేది ఇంకెవరో రాసిన ప్రోగ్రాము. అది తన గ్రూపు ఇదని నమ్మి కొన్ని ఏర్పాట్లు చేసుకుని ఉండవచ్చు, బయటి నుంచి ఆ నేలను లాగేయడం న్యాయం కాదు. కానీ ఈ న్యాయమే మనకు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. పిల్లను పుట్టించే ఫోర్క్ పిలుపు జరిగిన తరువాత తల్లి, పిల్లలలో ముందు ఎవరికి ప్రాసెసర్ దక్కుతుందో చెప్పలేము.

షెల్ రాసేవారి స్థానంలో ఉండి దీన్ని దగ్గరగా చూద్దాం. సెట్‌పీజీఐడీని తల్లి మాత్రమే పిలుస్తుందనుకుంటే, తల్లికి అవకాశం రాకముందే పిల్ల ఎగ్జెక్ దాకా వెళ్లిపోవచ్చు. అప్పుడు ఈయాక్సెస్ వస్తుంది, పిల్ల షెల్ గ్రూపులోనే మిగిలిపోతుంది. పిల్ల మాత్రమే పిలుస్తుందనుకుంటే, అది ఇంకా నిద్ర లేవకముందే తల్లి ఆ గ్రూపును ముందుగ్రూపుగా చేయబోవచ్చు, లేదా దానికి సంకేతం పంపబోవచ్చు. అప్పటికి ఆ గ్రూపే పుట్టలేదు కనుక పిలుపు విఫలమవుతుంది. అందువల్ల సరైన షెల్ ఏదైనా ఈ పిలుపును రెండు చోట్లా చేస్తుంది: ఫోర్క్ తరువాత తల్లిలో ఒకసారి, పిల్లలో ఒకసారి. ఎవరు ముందొస్తే వారు పని పూర్తి చేస్తారు. రెండోవారి పిలుపు వృథా అయినా హాని లేదు, తల్లికి ఈయాక్సెస్ వచ్చినా దాన్ని పట్టించుకోనక్కర లేదు. ఒకే పనిని రెండుచోట్ల రాయడం కోడ్ శుభ్రంగా ఉంచుకునేవారికి మొదట నచ్చదు, నాకూ నచ్చలేదు. కానీ ఆ రెండు వరుసల్లో ఏది తీసేసినా షెల్ నూటికి తొంభై తొమ్మిది సార్లు పనిచేసి, యంత్రం బాగా బరువెక్కిన రోజున దెబ్బ తింటుంది.

పైపులైనులో రెండో సభ్యుడిని చేర్చేటప్పుడు ఇంకో సూక్ష్మం ఉంది. షెల్ సంఖ్య 4100 అనుకుందాం. క్యాట్‌కు 4120 వచ్చింది, అదే గ్రూపు సంఖ్య. తరువాత పుట్టిన గ్రెప్‌కు 4121, సార్ట్‌కు 4122. ఇద్దరినీ 4120 గ్రూపులో చేర్చాలి. ఫైలు చిన్నదై, గ్రెప్ పుట్టకముందే క్యాట్ పని ముగించిందనుకోండి. ముగిసిన ప్రాసెస్‌ను తల్లి వెయిట్ పిలుపుతో ఇంకా తీసుకోనంతవరకు అది జాంబీగా పట్టికలో ఉంటుంది, దాని గ్రూపు కూడా ఉంటుంది. షెల్ తొందరపడి దాన్ని తీసేసుకుంటే గ్రూపు ఖాళీ అయి అంతరించిపోతుంది, గ్రెప్‌ను చేర్చబోతే ఈపెర్మ్ అనే దోషం వస్తుంది. కనుక పైపులైను మొత్తం నిలబడేవరకు మొదటి పిల్లను తీసుకోకుండా ఆగడం షెల్ బాధ్యత. పీఎస్ ఆదేశంతో ప్రాసెస్ సంఖ్య, తల్లి సంఖ్య, గ్రూపు సంఖ్య, సెషన్ సంఖ్య పక్కపక్కన వేయించి చూస్తే, పై ముగ్గురికీ గ్రూపు 4120గా, సెషన్ 4100గా కనిపిస్తుంది. స్థితిని చూపే గడిలో కూడిక గుర్తు ఉంటే ఆ గ్రూపు ఇప్పుడు ముందున్నదని అర్థం. ఈ పట్టికను ఒకసారి స్వయంగా చూసినవారికి నా మాటల్లో సగం అక్కరలేదు.

ముందుగ్రూపును మార్చే పిలుపు టీసీసెట్‌పీజీఆర్‌పీ. పని ముగిశాక షెల్ టెర్మినల్‌ను తిరిగి తన చేతికి తీసుకోవాలి. కానీ ఆ క్షణంలో షెల్ వెనుకగ్రూపులో ఉంది, వెనుకగ్రూపు ఈ పిలుపు చేస్తే సిగ్‌టీటీఓయూ వచ్చి ఆగిపోతుంది. అందుకే షెల్ ఆ సంకేతాన్ని ముందే పట్టించుకోకుండా పెట్టుకుంటుంది. తనలాగే పిల్ల కూడా ఆ సంకేతాన్ని విస్మరించకుండా, ఎగ్జెక్‌కు ముందు పిల్లలో ఆ ఏర్పాటును మళ్లీ మామూలు స్థితికి తేవాలి.

నా అనుభవంలోని ఒక సంఘటన చెబుతాను. పరీక్షలను ఒకదాని తరువాత ఒకటి నడిపించే ప్రోగ్రాము ఒకటి రాశాను. ఏ పరీక్షైనా 10 నిమిషాలు దాటితే దాన్ని చంపి తరువాతి పరీక్షకు వెళ్లాలి. పరీక్ష అంటే ఒక షెల్ స్క్రిప్టు, ఆ స్క్రిప్టు ఒక సర్వర్ ప్రోగ్రామును వెనుక నడిపిస్తుంది. గడువు దాటగానే నేను స్క్రిప్టు ప్రాసెస్‌కు సిగ్‌కిల్ అనే చంపే సంకేతం పంపాను, అది పోయింది. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే, నా ప్రోగ్రాము రాత్రంతా అదే పరీక్ష దగ్గర నిలబడిపోయి ఉంది. స్క్రిప్టుకు పుట్టిన సర్వర్ మాత్రం బతికే ఉంది, తల్లి పోయింది కనుక దాని తల్లి సంఖ్య 1గా మారింది. నేను పరీక్ష ఫలితాలను చదివే పైపు రెండో కొస దాని చేతిలో తెరిచే ఉంది. ఆ కొస మూతపడనంతవరకు నా వైపు ఫైలు ముగింపు రాదు. తల్లిని చంపితే పిల్లలు పోతాయని నేను ఊహించుకున్నాను. యూనిక్స్ అలాంటి మాట ఎన్నడూ ఇవ్వలేదు.

దిద్దుబాటు చిన్నదే. పిల్లలో ఎగ్జెక్‌కు ముందు కొత్త గ్రూపు పెట్టించాను. గడువు దాటినప్పుడు, సంకేతాలు పంపే కిల్ పిలుపుకు ఆ గ్రూపు సంఖ్యను రుణ సంఖ్యగా, అంటే ముందు మైనస్ గుర్తుతో, ఇచ్చాను. రుణ సంఖ్య ఇస్తే కెర్నెల్ దాన్ని గ్రూపుగా భావించి సభ్యులందరికీ సంకేతం పంపుతుంది. స్క్రిప్టులో ఉద్యోగ నియంత్రణ (జాబ్ కంట్రోల్), అంటే ఒక్కో పైపులైనుకు ఒక్కో గ్రూపు పెట్టే తీరు, మామూలుగా అమల్లో ఉండదు, కనుక దానికి పుట్టినవన్నీ దాని గ్రూపులోనే ఉండిపోతాయి. ఈ సందర్భంలో నాకు కావలసింది సరిగ్గా అదే. కానీ ఒక చోట బాగుచేస్తే ఇంకో చోట తేలింది: ఇప్పుడు పరీక్షలు వెనుకగ్రూపులో ఉన్నాయి, నేను కంట్రోల్-సీ నొక్కితే నా ప్రోగ్రాము మాత్రమే పోతోంది, పరీక్షలు నడుస్తూనే ఉన్నాయి. ఆ సంకేతాన్ని పట్టుకుని గ్రూపుకు తిరిగి పంపే కోడ్ కూడా రాయవలసి వచ్చింది. గ్నూ కోర్‌యుటిల్స్‌లోని టైమ్‌అవుట్ ఆదేశం కూడా ఈ చిక్కునే ఎదుర్కొంటుంది. అది మామూలుగా తనకంటూ కొత్త గ్రూపు పెట్టుకుని, గడువు దాటితే గ్రూపు మొత్తానికి సంకేతం పంపుతుంది. ఫోర్‌గ్రౌండ్ అనే ఎంపిక ఇస్తే కొత్త గ్రూపు పెట్టుకోదు, టెర్మినల్ ఆదేశానికే అందుబాటులో ఉంటుంది. అప్పుడు ఆ ఆదేశానికి పుట్టిన పిల్లలకు గడువు వర్తించదు. రెండూ ఒకేసారి దక్కవు.

ఈ రుణ సంఖ్య విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. కిల్‌కు సున్నా ఇస్తే సంకేతం మన సొంత గ్రూపుకే వెళుతుంది. రుణ 1 ఇస్తే, మనకు అనుమతి ఉన్న ప్రతి ప్రాసెస్‌కూ వెళుతుంది. ఫోర్క్ విఫలమైతే తిరిగొచ్చే విలువ రుణ 1 అని గుర్తు తెచ్చుకోండి. ఆ విలువను పరీక్షించకుండా కిల్‌కు అందించిన ప్రోగ్రాము రూట్ అధికారంతో, అంటే యంత్రం మీద సర్వహక్కులతో, నడుస్తుంటే ఏమవుతుందో వివరించనక్కర లేదు. ఇంకొక సంగతి: గ్రూపులో కనీసం ఒక్కరికి సంకేతం అందితే కిల్ విజయమనే చెబుతుంది. వేరే వినియోగదారు పేరు మీద నడుస్తున్న సభ్యుడొకరు తప్పించుకున్నా మనకు ఆ విషయం తెలియదు.

ఇంతవరకు చెప్పిన ప్రాసెస్ గ్రూపుకు స్వభావసిద్ధమైన బలహీనత ఒకటుంది. అందులో ఉండాలా వద్దా అన్నది చివరికి సభ్యుడి ఇష్టం. గ్రూపు నాయకుడు కాని ఏ ప్రాసెస్ అయినా సెట్‌సిడ్ పిలిచి కొత్త సెషన్, కొత్త గ్రూపు తీసుకుని వెళ్లిపోవచ్చు. వెనుకపట్టున నడిచే డెమన్‌లు చేసేది ఇదే. నా పరీక్షల్లోని సర్వర్ ఆ పని చేసి ఉంటే నా దిద్దుబాటు కూడా నిష్ఫలమయ్యేది. టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి సౌకర్యానికి పుట్టిన ఏర్పాటు నుంచి జైలు గోడలు ఆశించడం తప్పు.

ఆ గోడ లైనక్స్‌లో సీగ్రూపు రూపంలో వచ్చింది. 2006లో గూగుల్‌లో పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ ఈ పనిని మొదలుపెట్టారు; అప్పుడు దాని పేరు ప్రాసెస్ కంటైనర్లు. కంటైనర్ అనే మాటకు అప్పటికే ఇంకో అర్థం ఉండడంతో పేరు మార్చుకుని, 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నెల్‌లో కంట్రోల్ గ్రూపులుగా చేరింది. తేజున్ హియో తిరిగి రూపొందించిన రెండో సంస్కరణ 2016లో 4.5 కెర్నెల్‌తో అధికారికమైంది. ఇక్కడ గ్రూపు అంటే ఒక డైరెక్టరీ. అందులోని సీగ్రూప్.ప్రాక్స్ ఫైలులో ప్రాసెస్ సంఖ్య రాస్తే ఆ ప్రాసెస్ ఆ గ్రూపుకు మారుతుంది. దానికి పుట్టే పిల్లలన్నీ అక్కడే పుడతాయి. సెట్‌సిడ్ పిలిచినా సీగ్రూపు మారదు. బయటికి కదలాలంటే చేరబోయే గ్రూపు ఫైలులోనే కాక, రెండు గ్రూపులకూ ఉమ్మడి పూర్వీకుడైన డైరెక్టరీలోని ఫైలులో కూడా రాసే అనుమతి ఉండాలి. ఆ అనుమతి ప్రాసెస్‌కు ఇవ్వకపోతే అది ఎన్ని తరాలు గడిచినా అక్కడే ఉంటుంది. లైనక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీ ప్రతి సర్వీసునూ సొంత సీగ్రూపులో పెట్టి, ఆపినప్పుడు అందులో మిగిలినవారందరినీ ఏరివేయగలగడం దీనివల్లనే.

సంకేతాలకు తోడు ఇక్కడ వనరుల కొలత కూడా గ్రూపుకు ముడిపడుతుంది. మెమరీ.మ్యాక్స్‌లో గరిష్ఠ జ్ఞాపకశక్తి, పిడ్స్.మ్యాక్స్‌లో ప్రాసెస్‌ల సంఖ్య, సీపీయూ.మ్యాక్స్‌లో ప్రాసెసర్ సమయం రాస్తాం. సీపీయూ.మ్యాక్స్‌లో 50000, 100000 అని రాస్తే, ప్రతి 100 మిల్లీసెకన్లలో 50 మిల్లీసెకన్లు, అంటే సగం ప్రాసెసర్ అని అర్థం.

మొదట చెప్పిన ఆలస్యం సమస్య ఇక్కడ ఇంకా పదునుగా కనిపిస్తుంది. ప్రాసెస్‌ను పుట్టించి, దాని సంఖ్య తెలుసుకుని, ఆ తరువాత ఫైలులో రాసేలోగా అది కొంత జ్ఞాపకశక్తి వాడుకుని ఉండవచ్చు. రెండో సంస్కరణలో, ప్రాసెస్ గ్రూపు మారినా అంతకుముందు వాడిన జ్ఞాపకశక్తి లెక్క పాత గ్రూపు ఖాతాలోనే మిగిలిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో అది పిల్లలను కని ఉంటే, ఆ పిల్లలు పాత గ్రూపులోనే ఉండిపోతాయి. పద్దు రాసే వేళకే సరుకు కొంత చేతులు మారిందన్నమాట. పిల్ల తనంతట తానే ఎగ్జెక్‌కు ముందు ఆ ఫైలులో రాసుకోవడం ఒక మార్గం. 2020లో వచ్చిన 5.7 కెర్నెల్ ఇంకా మంచి మార్గం చూపింది: ప్రాసెస్‌ను పుట్టించే క్లోన్3 పిలుపుకే గమ్య సీగ్రూపును అందిస్తే, ప్రాసెస్ నేరుగా అందులోనే పుడుతుంది. ఈ సమస్యకు ఇంతకన్నా నిజాయితీ గల పరిష్కారం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇక్కడ ఆలస్యాన్ని తగ్గించడం కాదు, ఆలస్యమనేదే లేకుండా చేశారు.

ముగింపు వైపు కూడా ఇలాంటి మెరుగుదలే జరిగింది. గ్రూపులో ఉన్నవారి జాబితా చదివి ఒక్కొక్కరికీ సిగ్‌కిల్ పంపుతుంటే, ఆలోగా మిగిలినవారు కొత్త పిల్లలను కంటూ పోవచ్చు. జాబితా ఖాళీ అయ్యేవరకు తిరిగి తిరిగి చదవాలి. 2021లో వచ్చిన 5.14 కెర్నెల్‌లో సీగ్రూప్.కిల్ అనే ఫైలు చేరింది. అందులో 1 రాస్తే ఆ గ్రూపు, దాని కింది గ్రూపులు మొత్తంగా ముగుస్తాయి. సరిగ్గా ఆ క్షణంలో పుడుతున్న ప్రాసెస్‌లు కూడా తప్పించుకోలేవు.

విండోస్‌లో ఇదే పాత్రను జాబ్ ఆబ్జెక్టులు పోషిస్తాయి. అవి విండోస్ 2000తో వచ్చాయి. విండోస్ 8కు ముందు ఒక ప్రాసెస్ ఒక్క జాబ్‌లోనే ఉండగలిగేది, విండోస్ 8తో జాబ్‌లో జాబ్ సాధ్యమైంది. అక్కడ అనుభవజ్ఞులు ప్రాసెస్‌ను నిలిపివేసిన స్థితిలో పుట్టించి, జాబ్‌లో చేర్చి, అప్పుడు నడవనిస్తారు. పని మొదలుకాకముందే చేర్చాలన్న ఆలోచన ఆ ప్రపంచంలోనూ అదే.

ఇక అందరూ మరిచిపోయే ఒక ప్రభావం. 2011 నాటి 2.6.38 కెర్నెల్ నుంచి లైనక్స్‌లో ఆటోగ్రూపు అనే ఏర్పాటు ఉంది. అది అమల్లో ఉన్నప్పుడు ప్రతి కొత్త సెషన్ ప్రాసెసర్ పంపిణీలో ఒక విడి గ్రూపుగా లెక్కకు వస్తుంది. ఒక టెర్మినల్‌లో పది కంపైలర్లు నడుస్తున్నా, ఇంకో టెర్మినల్‌లోని ఒక్క ఎడిటర్‌కు తన వాటా తనకు దక్కుతుంది. అయితే ఒక ప్రాసెస్‌కు ప్రాసెసర్ ప్రాధాన్యాన్ని తెలిపే నైస్ విలువ మార్చితే ఆ ప్రభావం దాని సెషన్ లోపలే చెల్లుతుంది, పక్క సెషన్ మీద పనిచేయదు. అన్నిటికన్నా తక్కువ ప్రాధాన్యమైన నైస్ 19 ఇచ్చినా యంత్రం ఎందుకు బరువుగానే ఉందని అడిగేవారికి చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

చివరగా, గ్రూపుకు సంకేతం పంపే కోడ్ రాసేవారు వరుసక్రమం ఒకటి పాటించాలి. గ్రూపులో ఒక్క సభ్యుడు ఉన్నా ఆ సంఖ్యను కెర్నెల్ కొత్త ప్రాసెస్‌కు ఇవ్వదు. కానీ నాయకుడిని వెయిట్‌తో తీసేసుకున్నాక, మిగిలినవారు కూడా ముగిసి ఉంటే, ఆ సంఖ్య స్వేచ్ఛ పొందుతుంది. ఇంకెవరికో దక్కి, వారు దానితో కొత్త గ్రూపు పెట్టుకోవచ్చు. అప్పుడు మనం పాత సంఖ్యకు పంపిన సిగ్‌కిల్ సంబంధం లేని గ్రూపుకు తగులుతుంది. కనుక మొదట వెయిట్ఐడీని డబ్ల్యూనోవెయిట్ ఎంపికతో పిలిచి, నాయకుడు ముగిశాడని తెలుసుకోండి. ఆ పిలుపు అతన్ని జాంబీగానే ఉంచుతుంది, సంఖ్య భద్రంగా ఉంటుంది. ఆ స్థితిలో గ్రూపుకు సంకేతం పంపండి. మామూలు వెయిట్‌తో నాయకుడిని తీసుకోవడం దాని తరువాతి పని.